రిక్టర్ స్కేల్ కంటే ముందే భూమి గుండెను కనిపెట్టారు.. ఎవరీ ఓల్డ్‌హామ్?

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం. కాసేపటికే కేంద్రం ఎక్కడో, తీవ్రత ఎంతో ఫోన్లలోకి వచ్చేసింది. ఇది ఎలా సాధ్యం? దీని వెనుక భారత్‌లో పనిచేసిన ఓ భూగర్భ శాస్త్రవేత్త కృషి ఉంది. ఆయనే రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్.

తండ్రి బాటలోనే..

1858లో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో పుట్టారు. తండ్రి థామస్ ఓల్డ్‌హామ్ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి అధిపతి. రిచర్డ్ కూడా 1879లో అదే సంస్థలో చేరారు. తండ్రి మొదలుపెట్టి వదిలేసిన భారత భూకంపాల జాబితాను పూర్తి చేసి అచ్చు వేయించారు.

అస్సాం వణికిన రోజు

1897 జూన్ 12 సాయంత్రం అస్సాంలో మహా భూకంపం వచ్చింది. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు కుప్పకూలాయి. దాదాపు 1,500 మంది చనిపోయారు. అప్పట్లో మన దేశంలో సరైన భూకంప కేంద్రమే లేదు.

మరి ఓల్డ్‌హామ్ ఏం చేశారు? రైల్వే స్టేషన్లు, టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో నమోదైన టైమ్‌లు సేకరించారు. స్తంభాలు ఎటు పడ్డాయో చూశారు, నేల చీలికలు కొలిపించారు. కొన్నిచోట్ల రాళ్లు నేల నుంచి గాల్లోకి ఎగిరాయని గుర్తించారు.

అసలు మలుపు ఇక్కడే

ఈ భూకంపాన్ని వేల కిలోమీటర్ల దూరంలో ఇటలీ యంత్రాలు పట్టుకున్నాయి. ఆ గీతల్లో ఓల్డ్‌హామ్‌కు మూడు రకాల కదలికలు కనిపించాయి. ముందుగా వచ్చేవి పీ తరంగాలు. తర్వాత ఎస్ తరంగాలు. చివరగా నేల పైపొరలో సాగే తరంగాలు.

పీ, ఎస్ మధ్య తేడానే కీలకం. దగ్గర్లో వచ్చిన భూకంపానికి ఆ తేడా 10 సెకన్లు ఉంటే, దూరం సుమారు 80 కిలోమీటర్లు. ఇలా మూడు కేంద్రాల లెక్క కలిస్తే భూకంపం ఎక్కడ పుట్టిందో తెలిసిపోతుంది.

అస్సాం దెబ్బతోనే 1898-99లో కలకత్తా, బొంబాయి, కొడైకెనాల్‌లలో యంత్రాలు పెట్టారు.

భూమి మధ్యలో ఏముంది?

1903లో ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్లినా పరిశోధన ఆపలేదు. భూమి మధ్య నుంచి వెళ్లే తరంగాలు ఆలస్యంగా వస్తున్నాయని గమనించారు. అంటే లోపల వేరే పదార్థం ఉన్నట్టే! భూమికి కేంద్రకం ఉందని 1906లో ఆధారాలతో చూపారు. దాని సైజు విషయంలో ఆయన లెక్క కొంచెం తప్పింది. పైఅంచు దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున ఉందని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. 1936లో వేల్స్‌లో ఓల్డ్‌హామ్ కన్నుమూశారు.

మనకేంటి సంబంధం?

రొళ్ల, మడకశిర, హిందూపురం వైపు గట్టి బండరాతి నేల. భూకంప ముప్పు తక్కువే. కానీ 1993లో దాదాపు 10 వేల మందిని బలిగొన్న లాతూర్ భూకంపం కూడా దక్కన్ పీఠభూమిలోనే వచ్చింది. అందుకే హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ చిన్న చిన్న ప్రకంపనలనూ రికార్డు చేస్తోంది. అక్కడ కూడా ముందు చూసేది పీ, ఎస్ తరంగాలు ఎప్పుడొచ్చాయనే!