ఇరవై ఏడేళ్ల మోస్లే

ఆవర్తన పట్టికలో ఇనుము 26, కోబాల్టు 27, నికెలు 28. పరీక్షల కోసం ఈ అంకెలను మనమంతా బట్టీ పడతాం. వీటికి ప్రయోగంతో అర్థం చెప్పిన హెన్రీ మోస్లే గురించి మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో రెండు మూడు వాక్యాలకు మించి ఉండదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మోస్లే 1887 నవంబరు 23న ఇంగ్లండులోని వేమత్‌లో పుట్టాడు. తండ్రి పేరుపొందిన జీవశాస్త్రజ్ఞుడు. కొడుక్కి నాలుగేళ్లు నిండకముందే ఆయన పోతే, తల్లి పెంచి పెద్దచేసింది. ఆక్స్‌ఫర్డ్‌లో మోస్లేకు వచ్చింది సెకండు క్లాసే. (మనలో చాలామందికి ఇది ధైర్యం చెప్పే సంగతి!) 1910లో మాంచెస్టరు వెళ్లి రూథర్‌ఫర్డ్ లాబొరేటరీలో చేరాడు.

అప్పట్లో మూలకాలను పరమాణు భారాన్ని బట్టి వరస పెట్టేవారు. అది అన్నిచోట్లా కుదరలేదు. కోబాల్టు నికెలు కంటే కాస్త బరువు. గుణాలు చూస్తే కోబాల్టే ముందుండాలి. మరి ఏది నమ్మాలి?

1913లో మోస్లే గాలి తీసేసిన గాజు గొట్టంలో చిన్న బండి పెట్టి, దానిమీద లోహపు ముక్కలు అమర్చాడు. చేపలు పట్టే పట్టుదారంతో బండిని లాగుతూ, ఒక్కొక్క లోహాన్నే ఎలక్ట్రాన్ల ధారకు ఎదురుగా తెచ్చాడు. వెలువడిన ఎక్స్ కిరణాలను స్ఫటికం సాయంతో విడదీసి, ఫోటో ప్లేటుమీద గీతలుగా పట్టాడు. పట్టికలో ఒక మూలకం నుంచి తరవాతి దానికి వెళ్లినప్పుడల్లా ఆ కిరణాల పౌనఃపున్యపు వర్గమూలం ఒకే మోతాదులో పెరిగింది. అంటే ఆ వరస సంఖ్య ఊరికే వేసుకున్న అంకె కాదు, కేంద్రకంలో ఉన్న ధనావేశం. కోబాల్టు 27, నికెలు 28 అని తేలిపోయింది.

మాది వ్యవసాయ కుటుంబం, అందుకని నాకు ఇలా తోస్తుంది. పండిన బస్తాలను బట్టి పొలాన్ని గుర్తుపట్టలేం. దాని గుర్తు సర్వే నంబరు. పరమాణు భారం ఐసోటోపుల పాళ్లను బట్టి వస్తుంది, పరమాణు సంఖ్య మాత్రం మారదు. 43, 61, 75 నంబర్లు ఖాళీగా ఉన్నాయని కూడా మోస్లే చూపాడు. 75 1925లో, 43 1937లో, 61 1945లో దొరికాయి.

1914లో యుద్ధం వచ్చింది. మోస్లే సైన్యంలో చేరాడు. 1915 ఆగస్టు 10న టర్కీలోని గలిపోలీలో, టెలిఫోనులో ఆజ్ఞ అందిస్తుండగా తలకు తూటా తగిలి చనిపోయాడు. తన ఆస్తిని, పరికరాలను రాయల్ సొసైటీకి రాసిపెట్టి వెళ్లాడు. అలాంటివాణ్ణి కందకాల్లోకి పంపడం దేశానికే నష్టమని రూథర్‌ఫర్డ్ ఆవేదన చెందాడు. నిజమే. కాని ఆ కొండల్లో రెండు వైపులా పోయిన రైతుబిడ్డలు, కూలివాళ్ల బిడ్డలు ఎందరో! చదువు అందివుంటే వాళ్లలో ఎవరు ఏమయ్యేవారో మనకెలా తెలుస్తుంది?

ఆయన మొదలుపెట్టిన పని మాత్రం ఆగలేదు. 2008లో జపానులో హొసోనో బృందం ఇనుము, ఆర్సెనిక్, లాంథనమ్, ఆక్సిజన్ ఉన్న పదార్థానికి కాస్త ఫ్లోరిన్ చేర్చి, అది 26 కెల్విన్ల దగ్గర అతివాహకమవుతుందని చూపింది. అయస్కాంత గుణం అతివాహకత్వానికి గిట్టదనుకునే రోజుల్లో ఇనుములో ఇది కనబడటం పెద్ద వింత. ఇన్ని మూలకాల మధ్య ఇనుము ఎలక్ట్రాన్ల తీరు విడిగా చూడాలంటే ఎలా? ఎక్స్ కిరణాల శక్తిని ఇనుముకు సరిపడేలా, సుమారు 7,100 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అమరుస్తారు. మూలకం మారితే ఆ శక్తీ మారుతుంది. ఎందుకు మారుతుందో మోస్లే బండిమీది ఇనుప ముక్క 1913లోనే చెప్పింది.