మంచు దేశపు ఆదివాసీ గాయకుడు

 

గొప్పవారి జీవితాలంటే మనకు గాంధీజీ తెలుసు, కొమురం భీం తెలుసు. ఈసారి దూరదేశపు ఒక ఆదివాసీ గురించి రాస్తున్నాను. ఆయన పేరు నిల్స్ అస్లాక్ వాల్కెయాపా.

యూరప్ ఖండంలో అన్నిటికన్నా పైన, మంచు కురిసే చోట సామి అనే ఆదివాసులు ఉంటారు. వారి భూమి నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా అని నాలుగు దేశాలకు పోయింది. మనకు పశువులు ఎట్లనో వాళ్ళకు రెయిన్‌డీర్ అనే దుప్పులు అట్ల. ఆ మందలు కాసే ఇంట్లో ఆయన 1943 మార్చి 23న ఫిన్లాండ్‌లో జన్మించారు. పెద్దయ్యాక చదువుకొని 1966లో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేశారు.

సామి వాళ్ళ పాటను యోయిక్ అంటారు. అందులో మాటలు తక్కువ. కొన్నిటిలో అసలే ఉండవు, ఉత్త గొంతే సాగుతుంది. మనిషికి ఒక యోయిక్, తోడేలుకు ఒకటి, కొండకు ఒకటి. మనిషి గురించి పాడుతున్నాం అని వాళ్ళు అనరు, మనిషినే పాడుతున్నాం అంటారు. చనిపోయినవారి రాగం పాడితే వారు పక్కన కూర్చున్నట్టే.

కానీ చర్చి పెద్దలు అది పాపపు పాట అన్నారు. చాలా బడులలో పాడనివ్వలేదు. సామి పిల్లలు ఎంతోమంది హాస్టళ్ళలో ఉండి వేరే భాషలో చదివారు. ఇంటి పాట అంటే సిగ్గు పడేటట్టు అయింది.

అప్పుడు 1968లో ఆయన యోయిక్‌ల రికార్డు తెచ్చారు. పాత రాగానికి గిటార్ కలిపారు. తరువాత సెప్పో పాక్కునైనెన్ అనే జాజ్ వాద్యకారుడు తోడయ్యారు. జాజ్ అంటే అమెరికాలో నల్లజాతివారు పుట్టించిన సంగీతం. పాక్కునైనెన్ వాయించేది శాక్సోఫోన్. అది ఇత్తడిది, మన సన్నాయి లెక్క నోటితో ఊదుతారు. గొంతుకు మాటలు లేవు, శాక్సోఫోన్‌కూ మాటలు లేవు. అందుకే రెండూ మంచిగ కలిసిపోయినయి. భాష రానివాళ్ళు కూడా కూర్చొని విన్నారు.

ఆయన సామి భాషలోనే కవితలు రాశారు. సూర్యుడిని తండ్రి అని పిలిచే పుస్తకానికి 1991లో నార్డిక్ దేశాల సాహిత్య బహుమతి వచ్చింది. 1994లో నార్వేలో శీతాకాల ఒలింపిక్స్ మొదలైన రోజు, లోకమంతా చూస్తుండగా యోయిక్ పాడారు. ఒకప్పుడు బడిలో పాడనివ్వని పాట అది! 2001 నవంబర్ 26న ఆయన కన్నుమూశారు. ఆయన పాట మాత్రం పోలేదు. నేటి సామి పిల్లలు పాడుతున్నారు.

మిత్రులారా, మన అవ్వల పాటలు కూడా ఏ పుస్తకంలో లేవు. అవ్వ పోతే పాట పోతుంది. మనమేమో హాస్టల్‌కు వచ్చినంక మన భాషలో పాడమంటే తల దించుకుంటున్నాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పాట నేర్చుకొని రావాలి. బాలసభలో సినిమా పాటలతో పాటు అవి కూడా పాడనివ్వాలని మేడం గారిని కోరుతున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని