చంద్రశకట శిల్పి బాబాకిన్

గియోర్గీ బాబాకిన్ 1914లో మాస్కోలో జన్మించారు. 1965లో కొరోల్యోవ్ తలపెట్టిన చంద్రశకట నిర్మాణభారం ఆయనకు సంక్రమించింది. క్రిమియాలో చంద్రతలాన్ని పోలిన గుంతల నేలను సిద్ధపరచి, అక్కడ చోదకులకు శిక్షణ ఇప్పించారు. శకటాన్ని నడపవలసింది భూమి మీద నుండి! సంకేతం పోయి రావడానికే 2.5 సెకండ్లు పట్టేది; గొయ్యి కంటబడేసరికి బండి ముందుకు సాగిపోయేది.

1969 ఫిబ్రవరిలో తొలి శకటం రాకెట్టుతో పాటే నశించింది. బాబాకిన్ వెనుదీయలేదు. 1970 నవంబరు 17న 756 కిలోల బరువు గల ఎనిమిది చక్రాల లునోఖోద్-1 వర్షసముద్రమనే మైదానంలో దిగింది. రెండు వారాల చలిరాత్రులలో మూత మూసుకొని, పొలోనియం వేడితో ప్రాణం నిలుపుకొనేది. మూడు నెలలు పనిచేస్తే చాలుననుకొన్నారు. 1971 ఆగస్టు 3న, 56వ యేట, బాబాకిన్ కన్నుమూసే నాటికి కూడా అది పనిచేస్తూనే ఉంది. సెప్టెంబరులో మూగవోయేసరికి 10.5 కిలోమీటర్లు నడిచింది.