వాలు లెక్క తెలిసిన విశ్వేశ్వరయ్య గారు

ఏటా సెప్టెంబరు 15న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పటానికి దండ వేసి, నాలుగు ఆనకట్టల పేర్లు చెప్పి ముగిస్తాం. మన హైదరాబాదుకు ఆయన చేసిన మేలులో కంటికి కనిపించని భాగం ఒకటుంది. అది నేలలోపలి మురుగు కాలువల వాలు. దాన్ని గురించి కొద్దిగా మనవి చేస్తాను.

ఆయన 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. పూర్వీకులు మాత్రం మనవాళ్ళే, గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుంచి వలస వెళ్ళారు. చిన్ననాడే తండ్రి పోగా, బెంగుళూరులో పిల్లలకు చదువు చెప్పుకుంటూ బి.ఏ. చదివారు. పూనాలో ఇంజనీరింగు ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. 1908లోనే స్వచ్ఛందంగా విరమించారు. (మనమైతే 58 నిండేదాకా కుర్చీ వదల్లేదు!)

అదే ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం కబురంపగా 1909లో ఆయన వచ్చి, నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద జలాశయాలు కట్టాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. దాంతోపాటే నగరానికి మురుగునీటి పథకమూ తయారుచేశారు.

మురుగు తనంతట తానే పారాలి. వాలు చాలకపోతే మడ్డి పేరుకుంటుంది. ఎక్కువైతే దిగువన తవ్వకం లోతు పెరిగిపోతుంది. మా మనుమరాలి పదో తరగతి లెక్కల్లో ఉన్నదీ ఈ సంగతే. ఒక గొట్టం సమీకరణం ఎక్స్ + 200 వై = 2400 అనుకోండి. ఎక్స్ దూరం, వై ఎత్తు, రెండూ మీటర్లలో. వైని ఒంటరిగా ఒక పక్కన నిలబెడితే, వై = 12 − ఎక్స్/200 అవుతుంది. అప్పుడు ఎక్స్ గుణకమే వాలు, అంటే −1/200. రెండువందల మీటర్లకు ఒక మీటరు దిగుతుందన్నమాట. ఋణ గుర్తు దిగుడును చెబుతుంది. 12 అనేది మొదలుపెట్టిన ఎత్తు, వాలుకు దానితో పనిలేదు. వైని విడదీయకుండానే మొదటి సమీకరణంలో ఎక్స్ గుణకం చూసి, వాలు 1 అనేసే పిల్లలున్నారు. అలా గొట్టం వేస్తే అది 45 డిగ్రీల జారుడుబల్ల!

1909 చివర ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళారు. 1912 నుంచి 1918 వరకు దివాను. 1955లో భారతరత్న. నూరేళ్ళు నిండాక 1962లో కన్నుమూశారు.

నేనిప్పుడు మా అబ్బాయి దగ్గర కొండాపురంలో ఉంటున్నాను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి గుట్టలు చాలామటుకు చదునైపోయాయి. వానపడితే నీళ్ళు రోడ్డు మీదే నిలుస్తాయి. కోకాపేట భవనాలు గండిపేట చెరువుకు పొరుగునే లేచాయి. ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో జీ.ఓ. 111 వచ్చింది. దాన్ని సడలిస్తూ 2022లో జీ.ఓ. 69 వచ్చింది. చెరువుల్లోకి వాలే నేల మీద అనుమతులిచ్చే ముందు లెవెల్స్ కొలిపించి, ఆ పటాలను ప్రజలకు చూపమని మన సంఘం తరఫున ఒక వినతిపత్రం పంపాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.