కప్పలకు పేర్లు పెట్టిన ప్రొఫెసర్ గారు

ప్రత్యేక సంచిక కోసం, ఎవరి వృత్తిలో వారికి ఆదర్శంగా నిలిచిన ఒక పెద్దమనిషి జీవితాన్ని గురించి రాయమని కార్యదర్శి గారు కోరారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కళాశాలల్లో జంతుశాస్త్రం బోధించిన నాకు వెంటనే తోచిన పేరు ప్రొఫెసర్ సి.ఆర్. నారాయణరావు గారిది. మన దేశంలో కప్పల గురించి చదువుకున్న వారెవరికీ ఆయన్ని పరిచయం చేయనక్కరలేదు. తక్కిన మిత్రుల కోసమే ఈ నాలుగు మాటలు.

నారాయణరావు గారు 1882లో కోయంబత్తూరులో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో ప్రొఫెసర్ హెండర్సన్ గారి వద్ద జంతుశాస్త్రం చదివారు. కొంతకాలం కోయంబత్తూరు, ఎర్నాకుళంలలో ఉపాధ్యాయుడిగా పనిచేశాక బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చేరి జంతుశాస్త్ర విభాగం బాధ్యత వహించారు. ఉద్యోగ జీవితమంతా దాదాపు అక్కడే గడిచింది.

ఆయన పుట్టిన 1882వ సంవత్సరంలోనే లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వారు కప్పల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. దాన్ని రాసిన బౌలెంజర్ గారు బెల్జియం దేశస్థుడు, మహా పండితుడు. ఆ రోజుల్లో మన కొండల్లో దొరికిన కప్ప సీసాలో పడి సముద్రం దాటి లండన్ చేరితే, అక్కడ దానికి పేరు పెట్టేవారు. అది బ్రతికి ఉండగా ఎలా అరిచేదో, ఏ రాతి కింద కూర్చునేదో పేరు పెట్టిన వారికి చాలాసార్లు తెలిసేది కాదు. నారాయణరావు గారు ఆ పనిని కప్ప ఉన్న చోటికి దగ్గరగా తెచ్చారు. పెద్ద కప్పలనే గాక తోకకప్పలను కూడా శ్రద్ధగా పరిశీలించారు.

పశ్చిమ కనుమల అడవుల సంగతి మిత్రులకు తెలిసిందే. జూన్ నుంచి ఎడతెరిపి లేని వాన, జలగలు, కాలు జారే రాళ్ళు. అక్కడ అంగుళం పొడవుండే కప్పలు ఎన్నో ఉన్నాయి. చూడటానికి అన్నీ ఒకేలా కనబడతాయి. ఒకే రకం కప్పల్లోనే రంగులు నాలుగు విధాలుగా ఉండవచ్చు కనుక రంగును నమ్మడానికి లేదు. వేళ్ళ చివర బిళ్ళలున్నాయా, కాలివేళ్ళ మధ్య పొర ఎంతవరకు వచ్చింది, నోటి పైభాగంలో పళ్ళున్నాయా, నాలుక ఆకారం ఏమిటి, ముక్కు కొస నుంచి పిరుదు దాకా కొలత ఎంత అని ఒక్కొక్కటే చూసి, అంతకు ముందు అచ్చయిన వర్ణనలన్నిటితో పోల్చాలి. దేనితోనూ కలవకపోతేనే అది కొత్త జాతి. వర్ణనకు ఆధారమైన కప్పను స్పిరిటులో భద్రపరచి, దొరికిన స్థలం రాసిన చీటీ కట్టాలి. దీన్నే మూల నమూనా అంటారు. తరువాత ఎవరికి సందేహం వచ్చినా దాన్నే తీసి చూసుకోవాలి. ఇంటిస్థలానికి అసలు దస్తావేజు ఎలాగో ఆ జాతికి మూల నమూనా అలాగ.

1920లో ఆయన కొడగు ప్రాంతపు కప్ప నొకదాన్ని వర్ణించి, పవిత్రమైన చిత్తడి నేల అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. 1937లో మరికొన్ని కొత్త కప్పల వర్ణనలతో ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. హాసన్ జిల్లా కెంపుహొళె కనుమలో దొరికిన చిన్న కప్ప, చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార కప్ప అందులోవే. ఈ కొట్టిగెహార కప్ప వాగు ఒడ్డున ఉంటుంది. నీటి హోరులో అరుపు సరిగా వినబడదు కనుక ఈ జాతుల్లో మగకప్ప వెనక కాలు చాచి జెండాలా ఊపుతుంది. ఇంకొక చిన్న పొద కప్పకు తన శిష్యుడు శేషాచార్ గారి పేరులోని చివరి భాగాన్ని పెట్టారు. ఈ శేషాచార్ గారు తరువాత పేరుపొందిన జంతుశాస్త్రవేత్త అయ్యారు. పదవీ విరమణ కూడా 1937లోనే, 55వ ఏట. మన రాష్ట్రంలో 1983 నాటి 55 ఏళ్ళ నిబంధన చూసిన పెద్దలకు ఆ వయస్సు ఎంత చిన్నదో వేరే చెప్పనక్కరలేదు.

మరొక ముఖ్యమైన పని కూడా ఆయన చేతుల మీదుగా జరిగింది. 1932లో బెంగుళూరు నుంచి కరెంట్ సైన్స్ పత్రిక ప్రారంభమైంది. మన శాస్త్రజ్ఞుల పరిశోధనలు మన దేశంలోనే త్వరగా అచ్చు కావాలని పుట్టిన పత్రిక అది. దాని స్థాపకుల్లో ఆయన ఒకరు, తొలి సంపాదకుడు. 1942 వరకు ఆ బరువు మోశారు. 1960లో కన్నుమూశారు.

ఇక విచారకరమైన సంగతి. ఆయన కళాశాలలో భద్రపరచిన మూల నమూనాలు తరువాతి కాలంలో లేకుండా పోయాయి. పేర్లు మిగిలాయి, కప్పలు మిగలలేదు. ఫలానా కప్ప నిజంగా వేరే జాతేనా అని సందేహం వస్తే చూపడానికి సాక్ష్యం లేకుండా పోయింది. ఇటువంటి నష్టం ఎలా జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. నేను పనిచేసిన ఒక కళాశాలలో భవనం మారేటప్పుడు, స్పిరిటు ఎండిపోయిందని పాత సీసాలను చీటీలతో సహా బండికెత్తి పారబోయించారు. స్టాకు రిజిస్టరులో మాత్రం ఒక గీత గీసి సరిపెట్టారు.

కాని నారాయణరావు గారి పని చెరిగిపోలేదు. దొరికిన ఊళ్ళ పేర్లు, శరీర లక్షణాలు ఆయన వివరంగా అచ్చువేయించి ఉన్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.డి. బిజు గారు, వారి సహచరులు ఏళ్ళ తరబడి ఆ కనుమలన్నీ గాలించారు. కొడగు కప్ప 91 ఏళ్ళ తరువాత మళ్ళీ దొరికిందని, కెంపుహొళె కప్ప కూడా కనబడిందని 2011లో ప్రకటించారు. పోయిన వాటిలో కొన్నింటికి కొత్తగా ప్రమాణ నమూనాలు నిర్ణయించారు. అసలు కాగితం పోయినా నకలు నిక్కచ్చిగా ఉంటే హక్కు నిలబడినట్టు, ఆ కప్పల ఉనికి నిలబడింది.

శాస్త్రనామంలో, మన తెలుగువారి పేర్లలో లాగానే, ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వస్తుంది. 2010లో బిజు గారి బృందం కేరళలోని ఆనముడి శిఖరం మీద నేలపై తిరిగే నారింజ రంగు చిన్న కప్పను కొత్త జాతిగా వర్ణించారు. అప్పుడే దానికీ, దాని దాయాదులైన పొద కప్పలకూ ఒక కొత్త ఇంటిపేరు ఇచ్చారు: రావోర్కెస్టిస్. అందులోని రావు మన నారాయణరావు గారే. ఈ కప్పలకు తోకకప్ప దశ ఉండదు, గుడ్డులోంచి నేరుగా చిట్టి కప్పే బయటికి వస్తుంది. ఈనాడు ఆ ఇంటిపేరుతో 60కి పైగా జాతులున్నాయి. అందులో ఎక్కువ భాగం పశ్చిమ కనుమల్లోనే. ఆ వ్యాసం అచ్చయింది ఏ విదేశీ పత్రికలోనో కాదు, ఆయన నిలబెట్టిన కరెంట్ సైన్స్‌లోనే.

మనలో చాలామంది ఇళ్ళలో అటక మీద పాత ఫీల్డు నోట్సులు, కొలతల పుస్తకాలు, తేదీ వేసిన చీటీలు ఉండే ఉంటాయి. ఏ శాఖలో పనిచేసిన వారైనా సరే, వాటిని పాత కాగితాల వాడికి తూచే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. పనికివచ్చేవి దగ్గరలోని కళాశాలకో మ్యూజియానికో అప్పగించి, రసీదు తీసుకోండి.