ముప్పై తొమ్మిది అంకెల సంఖ్య – ఎడ్వర్డ్ లూకాస్

మహాగణితజ్ఞులనగానే విశ్వవిద్యాలయాల ఆచార్యులే మన స్మృతికి వస్తారు. ఫ్రాన్సు దేశీయుడైన ఎడ్వర్డ్ లూకాస్ మాత్రం మనవలె పాఠశాల ఉపాధ్యాయుడు. 1842 ఏప్రిల్ 4న ఆమియాన్ పట్టణంలో జన్మించి, పారిస్ నక్షత్రశాలలో కొంతకాలం పనిచేసి, 1870 నాటి యుద్ధంలో ఫిరంగిదళ అధికారిగా ఉండి, ఆ పిమ్మట జీవితాంతం ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించారు.

మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి 1644లో ఒక పట్టిక ప్రకటించారు. 2ను 67 మారులు గాని, 127 మారులు గాని హెచ్చవేసి 1 తీసివేస్తే ప్రధాన సంఖ్య వస్తుందని అందులో ఉంది, నిరూపణ లేదు. రెండవ సంఖ్య ఇది: 170141183460469231731687303715884105727. చిన్న సంఖ్యలతో వరుసగా భాగించి చూద్దామంటే ఒక జన్మ చాలదు.

1876లో లూకాస్ భాగహారాల బాటనే విడిచిపెట్టారు. తరువాతి కాలంలో లేమర్ సరళం చేసిన ఆ పద్ధతిని 127 అనే చిన్న సంఖ్యతో చూడవచ్చు. ఇది 2ను 7 మారులు హెచ్చవేసి 1 తీసివేయగా వచ్చినది. 3ను వర్గం చేసి 2 తీసివేస్తే 7. అట్లే 7 నుండి 47, 47 నుండి 2207. దీనిని 127చే భాగిస్తే శేషం 48. 48తో అదే పని చేస్తే శేషం 16. 16తో చేస్తే 254, శేషం సున్న. అయిదు మెట్లలో శేషం సున్న అయినది కనుక 127 ప్రధాన సంఖ్య. (ఘాతాన్ని 4చే భాగించగా 3 మిగిలినపుడే 3తో ఆరంభించాలి.) నల్లబల్లపై ఈ సున్న వచ్చినపుడు పిల్లల ముఖాలు చూడాలి! పెద్ద సంఖ్యకు ఇటువంటి మెట్లు 125. అన్నీ చేతిలెక్కలే.

67కు సంబంధించిన సంఖ్యకు ఈ పరీక్ష నిలువలేదు. అది ప్రధాన సంఖ్య కాదని లూకాస్ తేల్చారు గాని, దాని కారణాంకాలు ఏవో ఆయనకూ తెలియవు. దొంగ ఉన్నాడని తెలిసి, దొంగ దొరకని స్థితి అది. 1903లో అమెరికాలో కోల్ అనే ఆచార్యుడు ఆ కారణాంకాలను చూపారు: 193707721, 761838257287.

పిల్లలాడే హనోయ్ గోపురం ఆట కూడా లూకాస్ కల్పనే. 1883లో తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి, క్లాస్ అనే మారుపేరుతో దానిని వెలువరించారు. కాశీ ఆలయంలో 64 బంగారు బిళ్ళలున్నాయనే కట్టుకథ దానితోపాటు వ్యాపించింది. ఆ బిళ్ళలను మార్చడానికి పట్టే ఎత్తులు 18446744073709551615. ఇదీ ఆ జాతి సంఖ్యే. చివర 5 ఉన్నందున ప్రధాన సంఖ్య కాదని నాలుగవ తరగతి పిల్లవాడైనా చెప్పగలడు.

1891లో ఒక శాస్త్రసభ విందులో పళ్ళెం జారి పగిలి, దాని పెంకు లూకాస్ చెంపకు గుచ్చుకొంది. గాయం విషమించి అక్టోబరు 3న మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 49 ఏళ్ళు. ఆయన నిరూపించిన సంఖ్య 1951 వరకు, అనగా సరిగ్గా మన పాఠశాల వయస్సంత కాలం, 75 ఏళ్ళు, తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో పెద్దదిగా నిలిచింది.