పావులూరి మల్లన

కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారములు తప్పులేక చేయగల విద్యార్థి సైతము, ఆ యంకెలే యొక చిన్న కథలో నిమిడి వచ్చినపుడు కలము నిలిపి దిక్కులు చూచుట మేము తరచుగా గాంచుచున్నాము. కొందఱు కథను పూర్తిగా చదువరు. మొత్తమను మాట కనబడిన కూడుదురు. మిగిలినదను మాట కనబడిన తీసివేయుదురు. ఇట్టి బాలబాలికలకును, వారి తలిదండ్రులకును, తెలుగున మొట్టమొదట గణితగ్రంథము రచించిన పావులూరి మల్లన చరిత్రము తెలియుట మేలని తలంచి, దానిని సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మల్లన 11వ శతాబ్దమువాడని పండితులు చెప్పుదురు. తూర్పు చాళుక్యులు వేంగిదేశము నేలుచుండిన కాలమది. నన్నయభట్టు రాజమహేంద్రవరమున భారతమును తెనిగింప నారంభించినదియు నా శతాబ్దముననే. మల్లన వంశమువారికి పిఠాపురప్రాంతమునందలి నవఖండవాడ గ్రామముతో సంబంధము గలదు. ఈయన శివభక్తుడు, కవి, గణితజ్ఞుడు.

ఆ దినములలో శాస్త్రములు సంస్కృతమున నుండెను. 850 ప్రాంతమున, రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమను గొప్ప గ్రంథమును రచించెను. కాని సంస్కృతము నెఱుగని వారికి, అనగా సరకు తూచు వర్తకునకు, పొలము కొలుచువానికి, అప్పు తీర్చు రైతునకు, అది మూసిన పెట్టెవలె నుండెను. మల్లన యా పెట్టె మూత తెఱచి, గణితమును తెలుగు పద్యములలో చెప్పెను. సారసంగ్రహగణితమను నా గ్రంథము పావులూరి గణితమను పేర ప్రసిద్ధి కెక్కినది.

ఈయన మక్కికి మక్కిగా తెనిగింపలేదు. కొన్నిటిని తగ్గించెను, జైనమతసంబంధమగు మాటలున్న చోట్ల శివపరమైన మాటలు నిలిపెను, క్రొత్త ఉదాహరణముల జేర్చెను. 142857143ను 7చే హెచ్చవేసిన 1000000001 వచ్చును. ఎటునుండి చదివినను నొక్కటియైన యిట్టి హారసంఖ్యలు మహావీరుని గ్రంథమున గలవు. మల్లన యిట్టివి మఱికొన్ని కూర్చెను. చదరంగపు బల్లపై మొదటి గడిలో 1, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు రెట్టించుచు 64 గడులు నింపిన మొత్తము 18446744073709551615 అగును. ఇంత పెద్ద సంఖ్యను మల్లన యొక్క పద్యమున నిమిడ్చెను. చంద్రుడన 1, వేదములన 4, బాణములన 5, ఇట్లు మాటలే యంకెలగును. వానిని ఒకట్ల స్థానమునుండి చదువవలెను. పద్యము కంఠస్థమైన సంఖ్యయు కంఠస్థమగును.

మూలగ్రంథమునందలి కథాలెక్కలలో నొకటి చూడుడు. ముగ్గురు వర్తకులకు త్రోవలో నొక ధనపుసంచి కనబడెను. అది తనకు దక్కినచో తక్కిన యిద్దఱి సొమ్మునకు రెండింతలు తన యొద్ద నుండునని మొదటివాడును, మూడింతలుండునని రెండవవాడును, అయిదింతలుండునని మూడవవాడును చెప్పిరి. పూర్ణాంకములలో మిక్కిలి చిన్న యుత్తరము, సంచిలో 15, వారియొద్ద వరుసగా 1, 3, 5. ఈ యంకెలను మరల కథలో నుంచి చూడుడు. 15, 1 కలసి 16. తక్కిన యిద్దఱి 3, 5 కలసి 8. దానికి రెండింతలు 16. తక్కిన రెండు మాటలును ఇట్లే సరిపోవును. కథను ముందు చదువుట, తెలియనిదేదో గుర్తించుట, వచ్చిన యుత్తరమును తిరిగి కథకు ఒప్పజెప్పుట: అభ్యాసమన నిదియే.

ఇది పరీక్షకొఱకు మాత్రమే కాదు. వడ్డీ, కూలి, పంటపాలు, ఇంటి కర్చు, ఇవన్నియు జీవితమున మాటలలోనే వచ్చును గాని, గీత గీసి కూడుమని యెవరును వ్రాసి యియ్యరు. ఆ మాటలను లెక్కగా మార్చుకొనలేనివాడు ఎంత చదివినను ఇతరుల లెక్కకు లోబడవలసినదే. మల్లన పూనుకొనిన పని యీ లోబాటును తొలగించునట్టిదని మా నమ్మకము.

మహావీరుని గ్రంథము నీడల లెక్కలతో ముగియును. మేమును అట్లే ముగింతుము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మన మెదకు కెథీడ్రల్ గోపురము 175 అడుగుల యెత్తు గలదని ప్రసిద్ధి. 5 అడుగుల కఱ్ఱకు 4 అడుగుల నీడ పడు వేళ ఆ గోపురపు నీడ యెంత యుండవలెను? విద్యార్థులు ముందు త్రైరాశికముచే లెక్కించి, పిమ్మట తలిదండ్రులతో గూడ వెళ్లి, టేపు పట్టి కొలిచి చూతురు గాక.